తుపానుకు పేరు పెట్టిన పిడింగ్టన్ దొర, మునిగిపోయిన కోరంగి రేవు



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవిత చరిత్ర రాసి ఇమ్మని మన సంఘం వారు అడిగారు. కాటన్ దొర మీద రాస్తారా అని కూడా వారే సూచించారు. నేను 1973 నుంచి 2009 వరకు రాష్ట్ర ప్రభుత్వ రేవుల శాఖలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, అందులో సగానికి పైగా కాకినాడలో గడిపినవాణ్ణి కాబట్టి వారికి అలా తోచి ఉంటుంది. కాటన్ దొరకు గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్నాయి. ఆయన మీద రాసేవారికీ కొదవ లేదు. నేను రాయదలచింది విగ్రహం లేని మరొక దొర గురించి. ఆయన పేరు హెన్రీ పిడింగ్టన్. నావికులలోనూ వాతావరణ శాస్త్రజ్ఞులలోనూ ఆ పేరు తెలియనివారు ఉండరు. పేరు వినని మనబోటి వాళ్ళం కూడా ఆయన పుట్టించిన మాటను అక్టోబరు, నవంబరు నెలల్లో పొద్దున్నే పేపరు విప్పగానే చదువుతూ ఉంటాం. సైక్లోన్ అన్న మాట ఆయన పెట్టినదే. ఆ మాట వెనుక మన తీరంలో మునిగిపోయిన ఒక రేవు పట్నం ఉంది. అదే కోరంగి.

పిడింగ్టన్ 1797లో ఇంగ్లండులో ససెక్స్ ప్రాంతంలోని అక్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జన్మించాడు. వర్తక నౌకల్లో పని నేర్చి కెప్టెన్ హోదాకు ఎదిగాడు. తూర్పు సముద్రాలలో తిరిగి తిరిగి, 1830 ప్రాంతానికి ఓడ ఉద్యోగం విరమించి కలకత్తాలో స్థిరపడ్డాడు. విరమించాడన్న మాటే గాని విశ్రాంతి తీసుకున్నవాడు కాదు. భారతదేశపు మొక్కల పేర్లకు ఒక సూచిక తయారుచేసి 1832లో అచ్చువేయించాడు. వ్యవసాయ, ఉద్యానవన సంఘంలో పనిచేశాడు. మట్టి, బొగ్గు, ఖనిజాలు ఎవరు తెచ్చి ఇచ్చినా పరీక్షించి చెప్పేవాడు. ఆర్థిక భూగర్భ శాస్త్రానికి సంబంధించిన మ్యూజియానికి క్యూరేటరుగా ఉన్నాడు. ఆ తరువాత కలకత్తాలో నౌకా ప్రమాదాలను విచారించే మెరైన్ కోర్టుకు అధ్యక్షుడయ్యాడు. ఓడ మునిగినా, ఒడ్డుకెక్కినా దాని కాగితాలన్నీ ఆయన బల్ల మీదికి వచ్చేవి. ఎంక్వయిరీ ఫైళ్ళు చూసిన మన మిత్రులకు ఆ పని ఎలాంటిదో నేను చెప్పనక్కరలేదు. ఒకే సంఘటన మీద పదిమంది పది రకాలుగా రాసిచ్చిన వాఙ్మూలాలను పక్కపక్కన పెట్టుకుని అసలు జరిగిందేమిటో తేల్చాలి. పిడింగ్టన్ తన జీవితమంతా చేసింది ఇంచుమించు అదే పని. అయితే ఆయన విచారించిన ముద్దాయి గాలి.

ఇక కోరంగి సంగతి. కాకినాడకు దక్షిణంగా, యానాం పోయే దారిలో, తాళ్ళరేవు దగ్గర ఉన్న పల్లె అది. ఇవాళ మడ అడవుల పేరు చెబితేనే పదిమందికీ గుర్తుకొస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో సంగతి వేరు. గోదావరి గౌతమీ పాయ సముద్రంలో కలిసే చోట, పట్టుమని ఒక పూట నడకలో మూడు దేశాల వ్యాపారం నడిచేది. యానాంలో ఫ్రెంచివారు, ఇంజరంలోనూ నీలపల్లిలోనూ ఇంగ్లీషువారు, కాస్త ఎగువన కాకినాడ జగన్నాథపురంలో డచ్చివారు. ఇంజరం చుట్టుపక్కల నేతగాళ్ళ సన్నని బట్టలకు విదేశాల్లో గిరాకీ ఉండేది. ఆ సరుకంతా ఎగుమతి కావాలంటే ఓడ కావాలి. ఓడకు మరమ్మతు కావాలి. కోరంగి గొప్పతనమంతా ఆ మరమ్మతులోనే ఉంది. కలకత్తాకూ సింహళంలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడను లోపలికి తెచ్చి, నీళ్ళు తోడి, అడుగు బాగుచేయగలిగిన డాకు కోరంగిలోనే ఉండేదని పాత పుస్తకాలు చెబుతాయి. కొత్త ఓడలు కూడా అక్కడ కట్టేవారు. కొయ్యకు బర్మా టేకు, పనికి మన వడ్రంగులు, కలాసీలు. ఆ వడ్రంగం అక్కడి కుటుంబాలలో తరతరాలుగా నిలిచింది. తాళ్ళరేవు వైపు దోణీలు కట్టే చేతులు ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఉన్నాయి.

రంగూన్‌కు కూలికి పోయిన తెలుగువాళ్ళను అక్కడివారు కోరంగీలు అనేవారు. మన విశాఖ జిల్లా నుంచి పోయినవాడైనా, గంజాం నుంచి పోయినవాడైనా కోరంగీయే. ఒక చిన్న రేవు పేరు సముద్రం దాటి ఒక జాతి పేరు అయిందంటే, ఆ రేవు ఎంతమందిని ఓడ ఎక్కించి ఉంటుందో ఆలోచించండి. ఆ మాటలో కొంత చులకన కూడా ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

ఈ పట్నం 1789 డిసెంబరులో పోయింది. పిడింగ్టన్ అప్పటికి పుట్టనే లేదు. అయినా ఆ వృత్తాంతాన్ని తన గ్రంథంలో చేర్చి లోకానికంతటికీ తెలియజేసినవాడు ఆయనే. పోటు నిండుగా ఉన్న సమయంలో గాలి ఉగ్రంగా వీచి అఖాతం మూలన నీళ్ళను పోగుచేసింది. ఊరివాళ్ళు చూస్తుండగానే సముద్రం మీద నుంచి మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. మొదటిది ఊళ్ళోకి కొన్ని అడుగుల నీరు తెచ్చింది. రెండోది పల్లపు ప్రాంతమంతా ముంచింది. మూడోది ఇక దేనినీ మిగల్చలేదు. ఇరవై వేలమంది పోయారని ఆయన ఇచ్చిన లెక్క. నది మొగలో లంగరు వేసి ఉన్న ఓడలు కొట్టుకుపోయి యానాం పొలాల్లో పడ్డాయి. సముద్రం వెనక్కు తగ్గుతూ ఇసుకను, బురదను గుట్టలుగా వదిలిపెట్టింది. శవాలను గాని, సొమ్మును గాని వెతికి తీసే వీలు లేకపోయింది. ఆ ఇసుకే నది మొగను పెద్ద ఓడలకు మూసివేసింది. మిగిలినవి రేవు అధికారి ఇల్లు, దాని చుట్టూ ఉన్న డాకులు మాత్రమే.

మనుషుల చావును అందరూ తలచుకుంటారు. రేవుల శాఖలో పనిచేసినవాడిగా నా దృష్టి ఆ ఇసుక మీదికి పోతుంది. కెరటం ఒక పూట పని. ఇసుక రోజూ చేసే పని. ఉప్పెన తరువాత కోరంగి పూర్తిగా చావలేదు. డాకుల్లో మళ్ళీ సుత్తి చప్పుడు వినిపించింది, ఓడలు మళ్ళీ వచ్చాయి. అర్ధ శతాబ్దం ఆ ఊరు కుంటుకుంటూ నిలబడింది. 1839 నవంబరులో మళ్ళీ తుపాను వచ్చింది.

ఈ 1839 తుపానులో మూడు లక్షలమంది పోయారని పత్రికల్లో, జాబితాల్లో తరచు కనిపిస్తుంది. అంత చిన్న రేవుకు ఆ అంకె పొసగదు. నేను దానిని నమ్మను. ఎవరో ఒకరు రాసిందాన్ని మరొకరు ఎత్తి రాయడం మన ఆఫీసుల్లోనే కాదు, అన్నిచోట్లా ఉంది.

పిడింగ్టన్ జీవితం ఇక్కడే మలుపు తిరిగింది. దానికి కాస్త ముందు, 1838లో, విలియం రీడ్ అనే సైనిక ఇంజనీరు తుపానుల సూత్రం మీద ఒక గ్రంథం ప్రచురించాడు. అంతకు ముందే అమెరికాలో రెడ్‌ఫీల్డ్ అనే ఆయన ఒక పెనుగాలి తరువాత పడిపోయిన చెట్లను పరిశీలించి, ఒక చోట చెట్లు ఒక దిక్కుకూ, మరికొంత దూరంలో దానికి ఎదురు దిక్కుకూ పడి ఉండడం చూశాడు. గాలి తిన్నగా పోవడం లేదు, చక్రంలా తిరుగుతోందని గ్రహించాడు. రీడ్ పుస్తకం కలకత్తాలో పిడింగ్టన్ చేతికి వచ్చింది. మన బంగాళాఖాతంలో కూడా అదే సూత్రం చెల్లుతుందా అన్న ప్రశ్న ఆయనను పట్టుకుంది, చచ్చేదాకా వదలలేదు. 1839 జూన్‌లో అఖాతంలో వచ్చిన గాలివాన మీద మొదటి పత్రం రాశాడు. రెండో పత్రం మన కోరంగి తుపాను మీదనే. 1840లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ వరుసలో ఆయన రాసిన పత్రాలు పాతిక దాకా ఉన్నాయి.

ఆయన పద్ధతి చెబితే మన గుమాస్తా మిత్రులకు ముచ్చట వేస్తుంది. ప్రతి ఓడలోనూ లాగ్‌బుక్ అని ఒక రిజిస్టరు ఉంటుంది. గంట గంటకూ ఓడ ఎక్కడ ఉన్నది, గాలి ఏ దిక్కు నుంచి వీచింది, బారోమీటరులో పాదరసం ఎంత ఉన్నది అని అందులో నమోదు చేస్తారు. తుపాను సమయంలో అఖాతంలో ఉన్న ఓడలన్నింటి లాగ్‌బుక్కులు ఆయన సంపాదించేవాడు. కెప్టెన్లకు ఉత్తరాలు రాసేవాడు. రేవు అధికారులను అడిగేవాడు. తరువాత ఒక పెద్ద పటం పరచి, ఫలానా రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఏ ఓడ ఎక్కడుందో అక్కడ చుక్క పెట్టి, గాలి దిక్కును బాణం గుర్తుతో గీసేవాడు. విడివిడిగా చూస్తే ఒక్కో బాణం ఒక్కో దిక్కు. అన్నీ కలిపి చూస్తే బాణాలు ఒక గుండ్రాన్ని చుట్టి వస్తాయి. మధ్యలో తుపాను నడిబొడ్డు. మర్నాటి బాణాలు గీస్తే గుండ్రం కాస్త జరిగి ఉంటుంది. అలా నాలుగైదు రోజులవి గీస్తే తుపాను నడిచిన దారి బయటపడుతుంది. కోరంగిని ముంచిన గాలి బంగాళాఖాతంలో ఎలా నడిచిందో తెలుసుకోవడానికి ఆయనకు ఆ కాగితాలే ఆధారం. అంకెలు పొసగకపోతే ఫలానా ఓడ గడియారం తప్పో, దిక్సూచి తప్పో తేల్చి మరీ ముందుకు పోయేవాడు.

దీనివల్ల నావికుడికి ఒరిగిందేమిటి? ఉత్తరార్ధగోళంలో, అంటే మన అఖాతంలో, తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. కాబట్టి గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడితే తుపాను నడిబొడ్డు ఇంచుమించు మన కుడిచేతి వైపున ఉంటుంది. ఈ ఒక్క సూత్రం తెలిస్తే కెప్టెన్ ఓడను ఎటు తిప్పాలో తేల్చుకోవచ్చు. తెలియకపోతే గాలి తోసినట్టు పరుగెత్తి చావు నోట్లోకే పోతాడు. ఈ సూత్రాన్ని చదువు అంతంతమాత్రంగా ఉన్న నావికుడికి కూడా అందించాలని పిడింగ్టన్ ఒక ఉపాయం చేశాడు. కొమ్మును పలుచగా తీసి, అవతలి గీత కనపడేటంత నునుపు చేసిన పలకల మీద గుండ్రాలూ బాణాలూ గీయించాడు. మన అర్ధగోళానికి ఒకటి, దక్షిణార్ధగోళానికి ఒకటి. పటం మీద ఓడ ఉన్న చోట పలకను పెట్టి, వీస్తున్న గాలి దిక్కుతో బాణాన్ని కలిపితే, పలక నడిమి చుక్క తుపాను ఎక్కడుందో చూపుతుంది. ఈ పలకలతో పాటు 1848లో ఆయన ప్రచురించిన పుస్తకమే నావికుల హార్న్ బుక్. హార్న్ బుక్ అంటే ఇంగ్లండులో పిల్లలకు అక్షరాలు నేర్పే పలక. మన పెద్దబాలశిక్ష లాంటిదనుకోండి. పండితుల కోసం కాదు, ఓడ నడిపేవాడి కోసం రాశానని ఆ పేరే చెబుతుంది.

ఆ పుస్తకంలో ఆయనకు బాగా ఉపయోగపడిన ఓడ ఒకటుంది. చార్లెస్ హెడిల్ అని చిన్న ఓడ. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర తుపానులో చిక్కుకుంది. కెప్టెన్ గాలి తోసిన దిక్కుకు ఓడను వదిలేశాడు. రోజుల తరబడి, వందల మైళ్ళు పరుగెత్తాననుకున్నాడు. పరుగెత్తిన మాట నిజమే. తుపాను నడిబొడ్డు చుట్టూ గానుగెద్దులా అయిదు చుట్లు తిరిగాడు. గాలి ఆగేసరికి బయలుదేరిన చోటికి అట్టే దూరంలో లేడు. నోటిమాటగా ఎవరైనా చెబితే నమ్మేవారు కారు. కాని ఓడ లాగ్‌బుక్ ఉంది, అందులో గంటలవారీ నమోదు ఉంది. పిడింగ్టన్ దానిని పటం మీద గీసేసరికి పాము చుట్టల్లాంటి గీత వచ్చింది. సైక్లోన్ అన్న పేరు పాము చుట్ట అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. తిరుగుడు ఉందని చెప్పాలి, కచ్చితమైన వృత్తమని మాత్రం అనకూడదు. తనకు రుజువైనంత వరకే చెప్పే మాట ఏరుకున్నాడు. శాస్త్రం మాట ఎలా ఉన్నా, ఫైలు నోటు రాయడంలో ఇంతకన్నా నేర్చుకోవలసింది లేదు.

మన భాషలో మాత్రం ఈ సంగతులకు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాయుగుండం అంటాం. గాలి గుండంలా తిరుగుతుందని ఆ మాటలోనే ఉంది. గాలివాన వేరు, ఉప్పెన వేరు అని తీరం వాళ్ళకు తెలుసు. ఇంగ్లీషువారు ఉప్పెనకు రెండు మాటలు కలిపి పేరు పెట్టుకోవలసి వచ్చింది. పిడింగ్టన్ గొప్పతనం ఈ రెండింటినీ విడదీసి చూడడంలో కూడా ఉంది. తుపానులో గాలి చంపేవాళ్ళు కొద్దిమంది, నీరు చంపేవాళ్ళు ఎక్కువమంది. గాలి ముందుకు తోసుకొచ్చిన నీరు లోతైన చోట చెదిరిపోతుంది. కాకినాడ వంటి లోతు తక్కువ తీరంలో పక్కకు పోయే దారిలేక పైకి లేస్తుంది. దానికి పోటు తోడైతే కోరంగే.

1839 తరువాత కోరంగి తేరుకోలేదు. తుపాను ఒక్కటే కారణం అనడం సరికాదని నా అభిప్రాయం. గోదావరి ఏటా తెచ్చే ఒండ్రు పాయలను పూడ్చుకుంటూ పోయింది. ఓడలు పెద్దవవుతున్నాయి, లోతు తగ్గుతోంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయి, కాలువలు కాకినాడ దాకా పడవలను తీసుకొచ్చాయి. సరుకు కాలువ దారిన కాకినాడ చేరిపోతుంటే కోరంగికి ఎవరు పోతారు? 1860ల్లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి పత్తికి గిరాకీ పుట్టినప్పుడు ఆ లాభమంతా కాకినాడదే అయింది. గోదావరి ఒండ్రు కోరంగిని పూడ్చింది. అదే ఒండ్రుతో ఏర్పడిన ఇసుక దిబ్బ, మనం హోప్ ఐలండ్ అనేది, కాకినాడ అఖాతానికి అడ్డుగోడ అయింది. ఒక ఊరికి గోరీ, పక్క ఊరికి గోడ. ఆ తరువాత భీమునిపట్నానికీ ఇలాంటి గతే పట్టింది. రైలు 1893లో విజయనగరం మీదుగా పోయింది, 1933లో మన విశాఖ హార్బరు తెరిచారు. భీమిలిలో గోగునార సరుకు కోసం ఓడలు ఆగడం క్రమంగా తగ్గిపోయింది. అది ఇంకోసారి రాయవలసిన కథ.

కోరంగి గురించి పిడింగ్టన్ రాసేనాటికి జరగవలసింది జరిగిపోయింది. ఇంకో రేవు విషయంలో మాత్రం ఆయన ముందే రాశాడు. ఆయన జీవితంలో నన్ను బాగా కదిలించిన ఘట్టం ఇదే. హుగ్లీ నది పూడిపోతోందని, కలకత్తాకు బదులు ఇంకో రేవు కావాలని అప్పటి ప్రభుత్వానికి భయం పట్టుకుంది. సుందరవనాలలో మాతలా నది ఒడ్డున కొత్త రేవు పట్నం కట్టాలని తలపెట్టారు. నది వెడల్పు ఉంది, లోతు ఉంది, సముద్రం దగ్గర. పటం మీద చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. పిడింగ్టన్ 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ ప్రభువుకు బహిరంగ లేఖ రాసి అచ్చువేయించాడు. ఆ నది నోరు నేరుగా బంగాళాఖాతానికి తెరుచుకుని ఉన్నదని, ఏదో ఒకనాడు తుపాను నడుస్తున్న వేళ ఉప్పెన ఆ నోట్లో నుంచి దూసుకొస్తుందని, పట్నాన్ని ముంచేస్తుందని, కోరంగి వంటి సంఘటనలు తెలిసీ అక్కడ పట్నం కట్టవద్దని ఆ లేఖ సారాంశం. ఎవరో జ్యోతిష్కుడి మాట కాదు. పదిహేనేళ్ళ పాటు లాగ్‌బుక్కులు చదివినవాడి మాట.

లేఖ అందింది. పని ఆగలేదు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే అది ఎల్.డిస్. అయింది. కుర్ర పాఠకుల కోసం చెబుతున్నాను, ఎల్.డిస్. కాగితాలంటే ఇక చర్య అవసరం లేదని కట్టేసి, ఏడాది తరువాత చించివేసేవి. నా సర్వీసులో ఒక చిన్న ఆఫీసులో రికార్డు గది కప్పు కారుతోందని ఒక అటెండరు నాలుగుసార్లు చెప్పాడు. అతని మాటను నేను నోటుగా పెట్టాను. పైవారు చూసి సంతకం చేసి ఫైలులో ఉంచమన్నారు. ఆ ఏడాది వానలకు ముప్పై ఏళ్ళ రిజిస్టర్లు ముద్దలయ్యాయి. తరువాత వచ్చిన మెమోలో ఎందుకు ముందుగా తెలియపరచలేదని అడిగారు. కాబట్టి డల్హౌసీ ప్రభువు కార్యాలయంలో ఏం జరిగి ఉంటుందో నేను ఊహించుకోగలను.

పిడింగ్టన్ 1858లో కలకత్తాలోనే మరణించాడు. తన మాట నిజమవడం ఆయన చూడలేదు. కొత్త రేవుకు తరువాతి గవర్నర్ జనరల్ పేరున పోర్ట్ కానింగ్ అని పేరు పెట్టారు. మునిసిపాలిటీ వచ్చింది. కలకత్తా నుంచి రైలు వేశారు. జెట్టీలు, గోదాములు, హోటలు లేచాయి. ఒక కంపెనీ పెట్టి షేర్లు అమ్మితే, పత్తి డబ్బుతో కళ్ళు మూసుకుపోయిన బొంబాయి వర్తకులు ఎగబడి కొన్నారు. ఆ షేర్ల జూదం 1865లో కూలింది. 1867 నవంబరులో తుపాను వచ్చింది. అదేమీ మహా తుపాను కాదు. కెరటం ఎత్తు ఆరడుగులని చెబుతారు. ఆ ఆరడుగులకే పట్నం పాడైపోయింది. కొద్ది సంవత్సరాలకు, 1872 నాటికి, ఓడలు అటు రావడం మానేశాయి. కోరంగికి బతుకు శతాబ్దం పైన దక్కింది. కానింగ్‌కు పదేళ్ళు కూడా దక్కలేదు. ఇప్పుడది సుందరవనాలకు పోయేవారు దిగే రైలు స్టేషను.

కానింగ్ మునగడానికి మూడేళ్ళ ముందు, 1864 అక్టోబరు 5న, కలకత్తానే ఒక పెద్ద తుపాను కొట్టింది. హుగ్లీ వెంబడి వేల ప్రాణాలు పోయాయి. రేవులో ఓడలు పుట్టలు పుట్టలుగా ఒడ్డుకెక్కాయి. అప్పుడు గాని ప్రభుత్వానికి కదలిక రాలేదు. 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు చేశారు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఇప్పుడు మన విశాఖలో ఉన్న తుపాను హెచ్చరికల కేంద్రం 1974లో వచ్చింది.

ఆ హెచ్చరికలతో నాకు ఉద్యోగరీత్యా బంధం ఉంది. వాతావరణ శాఖ నుంచి తంతి రాగానే వేళ వేసి రిజిస్టరులో ఎక్కించి, రేవు అధికారికి చూపించవలసి ఉండేది. ఆయన ఉత్తర్వు మీద కొయ్య మీదికి సంకేతం ఎక్కేది. పగలు నల్లని శంఖువులు, పీపాలు. రాత్రి ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. ఒకటి, రెండు నంబర్లు దూరాన ఉన్నదని చెప్పేవి. మూడు, నాలుగు స్థానిక హెచ్చరికలు. అయిదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. అయిదు, ఆరు, ఏడుల మధ్య తేడా తుపాను రేవుకు ఎడమన దాటుతుందా, కుడిన దాటుతుందా, మీద నుంచే పోతుందా అన్నది. అది పిడింగ్టన్ కొమ్ము పలక లెక్కే. పదకొండో నంబరు ఒకటుంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక మీ బుద్ధికి తోచినట్టు చేసుకోండి అని దాని అర్థం. నా సర్వీసులో దానిని ఎక్కించవలసి రాలేదు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన నాటికి నేను ఉద్యోగంలో కొత్త. పదివేలకు పైగా జనం పోయారు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుపాను తీరం దాటినప్పుడు నేను కాకినాడలోనే ఉన్నాను. తంతులు సకాలంలో వచ్చాయి, సంకేతాలు ఎక్కాయి. భైరవపాలెం, బలుసుతిప్ప జాలరులు అప్పటికే సముద్రం మీద, దిబ్బల మీద ఉన్నారు. వాళ్ళ పడవల్లో రేడియోలు లేవు. కొయ్య మీది శంఖువు అంత దూరం కనపడదు. ఆ ఊళ్ళు రెండూ పాత కోరంగి ఇలాకాలోవే. 1789లో కెరటం ఎక్కడ నుంచి వచ్చిందో, ఇంచుమించు అదే నీళ్ళ మీద వాళ్ళు పోయారు.

విశాఖకు డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంది, లోపలి హార్బరు ఉంది. ఆ అదృష్టం కోరంగికి లేదు. అయినా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఇళ్ళ మీద నుంచే పోయింది. మధ్యలో గాలి హఠాత్తుగా ఆగిపోవడం, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడడం మనలో చాలామందికి అనుభవమే. తుపాను అయిపోయిందని కొందరు వీధుల్లోకి వచ్చారు. మా వీధిలో నేను రావద్దని కేకలు వేస్తే, పక్కింటి కుర్రాడు తాతగారూ మీకెలా తెలుసని అడిగాడు. వాడికి చార్లెస్ హెడిల్ ఓడ కథ తరువాత తీరిగ్గా చెప్పాను.

పుష్య అమావాస్యకు చొల్లంగి స్నానానికి వెళ్ళే మిత్రులు ఇంకొంచెం ముందుకు, యానాం బస్సులో కోరంగి దాకా వెళ్ళి చూడండి. అభయారణ్యంలో మడ చెట్ల మధ్య చెక్కలతో వంతెన వేశారు. మన వయసువారికి కూడా నడవడం కష్టం కాదు. పోటు సమయంలో పడవలు తిప్పుతారు. 1789 గురించి గాని, పిడింగ్టన్ గురించి గాని అక్కడ నాకు ఒక్క బోర్డు కూడా కనపడలేదు. పడవ నడిపే అబ్బాయిని పాత డాకులు ఎక్కడుండేవని అడిగితే, చేత్తో చెట్ల వైపు చూపించాడు.